పెడల్ దిగలేదు

మొన్న తెల్లాపూర్ మలుపులో ఏజెంట్ శ్యామ్ కారు లారీ కిందికి దూసుకుపోయింది. శ్యామ్ దక్కలేదు. చీఫ్ సోమేశ్వరరావు ఆ ప్రమాదం ఫొటోను టేబుల్ మీద పెట్టాడు.

"యాక్సిడెంట్ కాదండి, మర్డర్. గ్రే సర్కిల్ అనే విదేశీ ముఠా పని. మన డేటా సెంటర్ల రహస్యాలు వాళ్లకి ఎలా చేరుతున్నాయో తెలిసిన సాక్షి ఒక్కరే మిగిలారు. భీమేశ్వరరావు గారు. మధ్యాహ్నానికి ఆయన ఎయిర్‌పోర్టులో ఉండాలి. ప్రాణాలతో."

"కారు?" అన్నాడు ఏజెంట్ తిరుపతి.

"శ్యామ్ నడిపినదాని జత. పాతదే, కానీ బుల్లెట్‌ప్రూఫ్. ఏజెంట్ లావణ్య సర్వీసింగ్ చేయించింది."

శ్యామ్ చితి దగ్గర లావణ్య తిరుపతి భుజం మీద వాలి ఏడ్చింది. ఆ తడి ఇంకా ఆరనట్టే ఉంది.

హైటెక్ సిటీలో ఒక టవర్ పైఅంతస్తు పార్కింగ్. తిరుపతి క్యాబ్ డ్రైవర్ వేషంలో వచ్చాడు. చొక్కా గుండీలో కెమెరా, మైక్. వెనక సీట్లో భీమేశ్వరరావు. ముందు సీట్లో నల్ల కళ్లద్దాలు, పట్టుచీరలో ఏజెంట్ లావణ్య. ర్యాంప్ దాకా వచ్చి, అక్కడ దిగి, తన కారులో వెనక రావాలన్నది ఆమె చెప్పిన ప్లాన్.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే తిరుపతి బ్రేకు పెడల్‌ను పదేపదే తొక్కాడు. నిలవున్న ప్రెషర్ పోయాక, కాలు తియ్యకుండానే తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. ఇప్పుడు పెడల్ కాస్త దిగి, పాదాన్ని తిరిగి పైకి నెట్టాలి.

దిగలేదు. బండరాయిలా ఉంది.

"ఏంది గిది?"

"బెల్ట్ జారుతోందని మెకానిక్ చెప్పాడు. నడుస్తుంటే సర్దుకుంటుంది. నీకు ప్రతిదానికీ పరేషానే!" లావణ్య నవ్వింది.

తిరుపతి ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పాడు. తేలిగ్గా తిరిగింది. ఈ కారులో స్టీరింగుకూ బ్రేకుకూ ఆయిల్ నెట్టేది ఒకే పంపు. బెల్ట్ జారితే రెండూ బిగుసుకోవాలి. కాబట్టి పంపూ, బెల్టూ బాగున్నాయి. చెడింది, ఆ ఆయిల్ ఒత్తిడితో పెడల్‌కు బలమిచ్చే బ్రేకు బూస్టర్. మరి ఆ అబద్ధం మెకానిక్‌దా, లావణ్యదా?

"సార్, గొడుగు లోపల మరిచినట్టున్నరు."

భీమేశ్వరరావుకు గొడుగే లేదు. ప్రమాదం, దిగిపొమ్మని వాళ్లిద్దరి మధ్య కోడ్ అది.

"అవునండోయ్, మతిమరుపు!" ఆయన దిగి లిఫ్ట్ వైపు నడిచాడు.

తిరుపతి తలుపులు లాక్ చేసి, లో గేర్‌లో కారు కదిలించాడు.

"ఆయన రాకుండానే? నన్ను దించు!"

"జర కూసో. టెస్ట్ డ్రైవ్."

ర్యాంప్ వాలులో బరువైన కారు వేగం అందుకుంది. కింది మలుపులో నీళ్ల ట్యాంకర్ అడ్డంగా నిలబడి ఉంది.

"ఆపు తిరుపతీ! బ్రేకు పట్టదు, బూస్టర్ పోయింది!"

తిరుపతి హ్యాండ్‌బ్రేకు లాగి, కారును గోడకు రాయించాడు. నిప్పురవ్వలు లేచాయి. ట్యాంకర్‌కు జానెడు దూరంలో కారు ఆగింది. పారిపోబోయిన ట్యాంకర్ డ్రైవర్‌ను, గుండీ మైక్‌లో అంతా వింటున్న మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు.

"బూస్టర్ అని నేను అనలే," అన్నాడు తిరుపతి.

లావణ్య కళ్లద్దాలు తీసింది. "నువ్వు మాత్రం దూకి బతుకుతావనుకున్నా..."

"శ్యామ్ పోయిననాడు గిట్ల ఒక్క కేక పెడితే బతికేటోడు."

ఆమె తల తిప్పుకుంది.

ఫోన్ మోగింది. చీఫ్. "శభాషండి. మరి ఎయిర్‌పోర్టుకి ఎలా?"

"నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోల పోతం సార్. డ్రైవర్ పక్కన ముగ్గురు కూసుంటరు. బ్రేకు తొక్కనీకె జాగనే ఉండది, ఇగ దాన్ని ఎవడు చెడగొడ్తడు?"