ముందు సీటు ఒకటా, రెండా?

తాను విప్పడానికి వచ్చిన కారులో మనిషి కూర్చుని ఉంటే ఏ మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? మన పానాల అబ్బాయి చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

వెనక సీట్లో పేపరు చదువుకుంటున్న పెద్దావిడ కళ్ళజోడు మీదుగా చూసింది.

"ఎవరు బాబూ?"

"మెకానిక్‌నండీ. పాతకాలం కార్లు బాగుచేస్తుంటాను. పార్టుల కోసం ఈ కారు విప్పుకోమని మీ అబ్బాయిగారు చెప్పారు."

"శుభ్రంగా విప్పుకో" అని ఆవిడ పేజీ తిప్పింది. దిగలేదు.

అతను పానాల పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మరి తమరు దిగితే..."

"పేపరు అయ్యాక దిగుతాను."

"ఎప్పటికవుతుందండీ?"

"రోజూ కొత్తది వస్తుందిగా బాబూ!"

షెడ్డు గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మెడలో కొలతల టేపు, జడలో ఇరుక్కున్న దారం ముక్క, చేతిలో కత్తెర. పక్క గదిలో కారు సీట్లూ సోఫాలూ కుట్టే అమ్మాయి. పెద్దావిడకి కూతురి కూతురు.

"అమ్మమ్మని దింపడం మా మావయ్య వల్లే కాలేదు. అందుకే మిమ్మల్ని పంపినట్టున్నాడు" అంది.

అతనికి ఒళ్ళు మండింది. అమ్మాయి నవ్వు బాగుందని కూడా అదే నిమిషంలో అనిపించింది. ఆ రెండోది ఒప్పుకోవడం ఇష్టంలేక మొహం ముడుచుకున్నాడు.

"మీకు నవ్వులాటగా ఉందేమో. నాకిది ప్రాణం మీదకొచ్చిన వ్యవహారం" అన్నాడు.

ఏమిటా ప్రాణసంకటం అని ఆమె అడిగింది. అతను చెప్పాడు. వాళ్ళ నాన్న ఇదే మోడల్ కారుని టాక్సీగా తిప్పాడు. మోకాళ్ళు మొరాయించాక అమ్మేశాడు. ఆ కారునే వెతికి వెతికి తెచ్చుకున్నాడు కొడుకు. ఇంజిన్ కొత్తదాన్లా చేశాడు. కానీ వెనక తలుపులు, అద్దాలు, బానెట్ ఎక్కడా దొరకడంలేదు. ఆ కంపెనీ ఆ మోడల్ తయారుచేయడం మానేసి ఒక తరం దాటిపోయింది.

"నాన్నని మళ్ళీ ఆ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాలండీ. నాకున్నది అదొక్కటే కోరిక. ఇది విప్పకపోతే నా కారు ఇటుకల మీదే ఉండిపోతుంది."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మా కారు కదలదు. నిజమే, ఇంజిన్ పగిలింది. కానీ తాతయ్య పోయాక అమ్మమ్మ రోజూ ఇందులోనే కూర్చుంటుంది. మీ నాన్న కోసం మా అమ్మమ్మ సీటు లాగేస్తారా?"

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. షెడ్డు రేకుల మీద టపటపా మొదలై, కాసేపట్లో ఎదుటి మనిషి మాట వినపడనంత జోరుగా కురిసింది. చేసేదిలేక పానాల పెట్టె మీదే కూర్చున్నాడు. ఆమె టీ తెచ్చింది. కోపంగా ఉన్నా పంచదార మాత్రం సరిపడా వేసింది.

వాన తగ్గేలోపు మాట కలిసింది. అతను తన షెడ్డు గొప్పలు మొదలుపెట్టాడు.

"పని నేర్పిన మా పెదనాన్న ఒక రూలు పెట్టాడండీ. ఒకే రకం కార్లు రెండుంటే, రెండిటి ఒళ్ళూ చూడాలి. గట్టిది నిలబెట్టాలి, డొల్లది విప్పాలి. ఎవరిదన్న మాట లేదు."

"ఏది డొల్లో ఎలా తెలుస్తుంది?"

"అయస్కాంతంతో. మంచి రేకైతే గట్టిగా అంటుకుంటుంది. తుప్పు తినేసినచోట పుట్టీ పూసి రంగేశారనుకోండి, జారి కింద పడుతుంది."

ఆమె లోపలికెళ్ళి అయస్కాంతం తెచ్చింది. కింద రాలిన సూదులు ఏరుకోవడానికి పెట్టుకున్నది. రంగు గీసుకుపోకుండా గుడ్డముక్క చుట్టి, అమ్మమ్మ కారు తలుపుకి ఆనించింది. టక్కున అంటుకుంది. బానెట్, మడ్‌గార్డు, డిక్కీ, ఎక్కడ పెట్టినా టక్కు టక్కు.

"మీ మావయ్యకన్నా గట్టిదే" అంది అమ్మమ్మ లోపలినుంచి.

"మరి మీ కారుకి పెట్టి చూశారా?" అని అడిగింది అమ్మాయి.

"దాని సంగతి నాకు తెలియదా?"

"తెలుసా అనలేదు. చూశారా అన్నాను."

అతను టీ గ్లాసులోకి చూశాడు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది. షెడ్డుకొచ్చిన ప్రతి కారుకీ ఆ పరీక్ష పెట్టినవాడు, సొంత కారు దగ్గరకొచ్చేసరికి అయస్కాంతమన్నదే మర్చిపోయాడు.

మర్నాడు ఆమె అతని షెడ్డుకి వచ్చింది. నాన్న టాక్సీ ఎర్రటి రంగుతో నిగనిగలాడుతోంది. ముందు తలుపు మీద అయస్కాంతం పెట్టింది. జారింది. కాస్త పైన పెట్టింది. మళ్ళీ జారింది. కింద, వెనక, చక్రం పైన, ఎక్కడా నిలబడదే! చివరికది నేలమీద పడి దొర్లుకుంటూ అతని చెప్పు దగ్గర ఆగింది. అతను కారు కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. అడుగున చాసిస్ పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది.

"సంతోషమేనా?" అన్నాడు. "మీ కారుని కాపాడుకోవడానికేగా వచ్చారు!"

ఆమె మొహం ఎర్రబడింది. "అవును, అందుకే వచ్చాను. ఇందులో నా తప్పేముంది? రూలు మీది. కారూ మీదే!"

విసురుగా వెళ్ళిపోయింది. అయస్కాంతం అక్కడే ఉండిపోయింది.

ఆ వారమంతా అతనికి ఏ పని మీదా మనసు నిలవలేదు. ఎప్పుడు విప్పుతావని ఆమె మావయ్య ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. విప్పుకొచ్చేయొచ్చు, అడిగేవాడు లేడు. తీరా మంచి తలుపులు తెచ్చి తగిలిస్తే, వాటిని మోసే ఒళ్ళే లేదు. పోనీ నాన్న కారే విప్పుదామంటే చెయ్యి రాదు. దానికి తోడు, అనవసరంగా ఆ అమ్మాయిని మాటన్నానే అని బాధ.

అలా తల పట్టుకుని కూర్చున్నప్పుడు నాన్న కర్ర సాయంతో షెడ్డుకొచ్చాడు. కొడుకు ఆయనకి సంగతంతా చెప్పాడు. ఆయన కారు చుట్టూ నడిచి తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. మొద్దుగా శబ్దమొచ్చింది. ఆయన నవ్వేశాడు.

"ఈ పుట్టీ నేను పూయించిందేరా!"

"నాన్నా! మరి ముందే చెప్పొచ్చుగా!"

"అంత ముచ్చటపడి తెచ్చావు, ఏం చెప్పను? ఒరేయ్, నేను చూసుకుని మురిసింది రేకుల్ని కాదు. ఆ ఇంజిన్ ఒక్కనాడు నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. దాన్నీ, నా స్టీరింగునీ తీసి మంచి ఒంట్లో పెట్టు. మిగతాది విప్పెయ్."

"నీకు బాధ లేదూ?"

"ఎందుకుండదు? ఉంటుంది. ఇలా ఇటుకల మీద చూస్తుంటే ఇంకా ఎక్కువుంది" అన్నాడు. తర్వాత బెంచీ మీదున్న అయస్కాంతం తీసి చూశాడు. "ఇంతకీ సూదులు అంటుకున్న ఈ అయస్కాంతం ఎవరిదిరా? వారం నుంచి దీన్ని దగ్గర పెట్టుకు తిరుగుతున్నావు?"

కొడుకు చొక్కా మార్చుకోవడానికి వెళ్ళాడు.

ఆమె కుట్టు మిషను ముందు ఉంది. అతను అయస్కాంతం బల్ల మీద పెట్టాడు. "మొన్న నోరు జారాను. తప్పు నాదే. విప్పేది నా కారుని. మా ఇంజిన్ మీ కారులో పెడతాను, మీకు ఇష్టమైతే."

"అంటే నా కారు నడుస్తుందా?" షెడ్డులోంచి అమ్మమ్మ గొంతు ఖంగుమంది. ఆ మాటతో మావయ్య నోరు మూతపడింది. నడిచే కారుని విప్పమనడానికి ఆయనకి మాత్రం నోరెలా వస్తుంది!

పని మొదలైంది. నాన్న దగ్గరుండి చూస్తుండగా టాక్సీ ఒక్కొక్క బోల్టూ ఊడింది. స్టీరింగ్ బయటికి తీసినప్పుడు మాత్రం ఆయన దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వానాకాలమంతా అమ్మమ్మ షెడ్డులోనే గడిచింది అనుకోండి. అతను కారు కింద, ఆమె మిషను ముందు. పదో నంబరు పానా ఎక్కడుందని అతను అరిస్తే, మీ చెవి మీదున్నది పెన్సిలా పానానా అని ఆమె అడిగేది. నూనె మరకలతో తన గుడ్డలు ముట్టుకున్నాడని రోజూ తిట్టేది. ఒక్కరోజు రాకపోతే ఎందుకు రాలేదని ఇంకా ఎక్కువ తిట్టేది.

ఇంజిన్ కూర్చుంది. ఇక సీట్లే మిగిలాయి. ఆమె టేపు పట్టుకుని ముందు సీటు కొలుస్తూ అడిగింది.

"పాత పద్ధతిలో ముందు సీటు ఇటునుంచి అటుదాకా ఒకటే ఉంటుంది. ఇప్పుడంతా మధ్యలో విడదీసి రెండు కుట్టించుకుంటున్నారు. మీకు ఒకటి కావాలా, రెండా?"

"మీకెలా వీలైతే అలా..."

"కుట్టేదానికి ఏదైనా ఒకటే. కూర్చునేదెవరో తెలిస్తే కదా!" అంది టేపు మీదనుంచి చూపు తిప్పకుండా. టేపు మాత్రం చేతిలో తలకిందులుగా ఉంది.

అతను అది చూశాడు. ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"నేనూ, మీరూ" అన్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. నా కారుకి అయస్కాంతం పెట్టిన రోజు మీ మీద కోపం వచ్చింది. మీరు వెళ్ళిపోయాక ఆ షెడ్డులో ఉండలేకపోయాను. అప్పుడు తెలిసింది."

"నాకు అంతకుముందే తెలిసింది. పెట్టె మీద కూర్చుని ఖాళీ గ్లాసులోకి చూశారే, ఆ రోజు" అంది ఆమె.

ఇద్దరూ అలా చూసుకుంటూ ఉండిపోయారు. అప్పుడు వెనక సీట్లో పేపరు గరగరలాడింది.

"ఒకటే కుట్టవే" అంది అమ్మమ్మ.

ఆవిడ కారులోనే ఉందన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు!

సీటు ఒకటే కుట్టింది. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నాక ఒక ఉదయం నాన్న కర్ర పక్కన పెట్టి తన పాత స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఆయన కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. పక్కన కొడుకు, ఆ పక్కన కాబోయే కోడలు. ముగ్గురికీ ఒకటే సీటు.

"ఎందాకా పోనివ్వమంటారు, అమ్మగారూ?" అని అడిగాడు నాన్న, అద్దంలోంచి వెనక సీటు వైపు చూస్తూ.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని పేపరు విప్పింది.

"పేపరు అయ్యేదాకా పోనివ్వు బాబూ."