పన్నెండో వరస

దగ్గరికి జరగండి పిల్లలూ. వెనకున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. పలకలు పక్కన పెట్టండి, ఇవాళ లెక్కలు లేవు. ఇది మీ మనవలు పుట్టాక జరగబోయే కథ.

సముద్రం పొంగి పల్లిరేవు అనే ఊరిని ముంచేసింది. కొత్త నేల కట్టడానికి పదేళ్లు పడుతుంది. అందాకా ఆ ఊరి నలభై ఒక్కమందినీ చల్లటి పెట్టెల్లో నిద్రపుచ్చాలి. ఆ యంత్రం కనిపెట్టింది డాక్టర్ హైమవతి. ఎవరి రక్తంతో వాళ్లకే ఒక మేలుకొలుపు మందు తయారుచేసి, సీసాకి నెంబరు వేసింది. ఒకరి మందు ఇంకొకరికి ఎక్కితే ప్రాణం నిలవదు.

ఊరివాళ్లు వరసగా నిలబడ్డారు. పేర్లు కంప్యూటర్‌లో ఒక ఫైల్లో, అదే వరసలో సీసా నెంబర్లు ఇంకో ఫైల్లో ఎక్కాయి. పదకొండో మనిషి నూకాలు. చేతిలో తొమ్మిది రోజుల ఆడపిల్ల. పాప పేరేమిటని హైమవతి అడిగితే నూకాలు అత్తవైపు చూసింది.

ముందు నిలబడ్డ అత్త పోలమ్మ అడ్డొచ్చింది. "బారసాల అవకుండా పేరేటమ్మా? ఇరవై ఒకటో రోజు దాకా పిలవకూడదు."

"కంప్యూటర్ కోసం ఏదో ఒకటి చెప్పండమ్మా."

"కంప్యూటర్‌కి అంత తొందరైతే అదే పెట్టుకోమను."

అందరూ నవ్వారు. పేర్ల ఫైల్లో పన్నెండో వరస ఖాళీగా వదిలి, పాప సీసా నెంబరు మాత్రం ఎక్కించి, హైమవతి పదమూడో వరసలో నూకాలు భర్త ఎర్రయ్య పేరు రాసింది.

పదేళ్లు గడిచి, వాళ్లని లేపే రోజు వచ్చింది. ఏ సీసా ఎవరిదో తెలియాలంటే రెండు ఫైళ్లనూ పక్కపక్కన అతికించాలి. దానికి పేస్ట్ అని ఒక కమాండ్ ఉంది. మీరు రెండు వరసల్లో నిలబడితే మొదటివాడు మొదటివాడి చెయ్యి, రెండోవాడు రెండోవాడి చెయ్యి పట్టుకుంటారు చూడండి, అంతే. ఒక వరసలోంచి ఒకడు తప్పుకుంటే వెనకున్నవాళ్లందరూ ఎవరి చెయ్యో పట్టుకుంటారు. కమాండ్‌కి మొహాలు తెలియవు.

బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఫైల్లో ఖాళీ వరసలు తీసెయ్యడం హైమవతికి అలవాటు. తీసేసింది. తరవాత అతికించింది. చివరి వరసలో పేరు లేకుండా ఒక్క సీసా నెంబరు మిగిలింది. పేరులేని పాప ఉందని ఆమెకి గుర్తుంది. పాప కోసం మధ్యలో చోటు వదిలానన్న సంగతి గుర్తులేదు.

"ఇదిగో మన పాప," అనుకుని, ఆ సీసాని తన చేత్తోనే చిన్నపెట్టెకి బిగించింది.

మందు అందరికీ ఒకేసారి ఎక్కింది. పదకొండుమంది లేచారు. ముప్ఫైమంది లేవలేదు. పాప లేవలేదు, ఎర్రయ్య లేవలేదు.

హైమవతి ఇసకలో రెండు వరసలు గీసి, లేచినవాళ్లకి జరిగిందంతా చెప్పింది. తప్పు నాది, అంది. వాళ్లు ఆ గీతల్ని చాలాసేపు చూశారు.

"చదువుకున్నదానివి, నీ తప్పు మాకేం తెలుస్తాదమ్మా," అని పోలమ్మ కోడలివైపు తిరిగింది. "అడిగిన్నాడు ఏదో ఒక పేరు చెప్పేస్తే నీ నోరు అరిగిపోయేదా? నా కొడుకు లేచేవోడు."

ఆ రోజు వద్దన్నది నువ్వే కదత్తా అని నూకాలు అనలేదు. మిగతా తొమ్మిదిమందీ కూడా అనలేదు. ఆనాటి నుంచి నూకాలుతో ఎవరూ మాట్లాడరు. హైమవతి రోజూ పొద్దున్నే గుమ్మం గుమ్మానికీ వెళ్లి తప్పు నాదేనని చెబుతుంది. ఆమెని కూర్చోబెట్టి టీ ఇస్తారు. నూకాలు వస్తే మాత్రం తలుపు వేసుకుంటారు.

ఇంక లేవండి. అన్నాలు చల్లారిపోతున్నాయి, ఇళ్లకెళ్లి తినండి.