పనస పెట్టిన తొలి అడుగు

ఖీమ్ కాలు ఇంటికి అరిష్టమని కోడలు నమ్ముతుంది. ఆయనకి ఇందులో అనుమానమేమీ లేదు. కొత్త సంవత్సరం పండగనాడు మొదట ఎవరి కాలు ఇంట్లో పడితే ఏడాదంతా ఆ కాలి అదృష్టమేనని అక్కడివాళ్ల నమ్మకం. రెండేళ్ల కిందట కొత్త సంవత్సరం మొదటి పొద్దున పూలతోటకి వెళ్లి, నీళ్ల తూము మూసి, అందరికంటే ముందు ఇంటి గడప తొక్కింది ఆయనే. ఆ ఏడు వానలు మొదలవకముందే భార్య సేన్ పోయింది. మరుసటి పండగకి కోడలు దియెప్ మెల్లగా చెప్పింది, "మామయ్యా, తొలి అతిథి వచ్చేదాకా మీరు బయటికి వెళ్లకండి" అని. అంతే. అప్పటినుంచి ఆమె వండింది తింటున్నాడు గాని ఆమెతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా మనవరాలు హాన్ చేత చెప్పిస్తాడు.

ఈ ఏడు పండగకి వారం ముందు ఇంట్లోకి ఇంకో ప్రాణి దిగింది. అందరూ చామంతి బుట్టలు పడవకెక్కిస్తున్న పొద్దున, హాన్ చొక్కాలో ఏదో దాచుకుని వచ్చింది. చొక్కా కుయ్యిమంది.

"ఏమిటే అది?"

"పనస, తాతా."

"పనసపండు కుయ్యిమంటుందా?"

చొక్కా పైగుండీ దగ్గర తడి ముక్కొకటి బయటికొచ్చింది. "పనసతొన రంగులో ఉందని ఆ పేరు పెట్టాను. బాగుందా?"

"ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే పెట్టేసి రా."

కొడుకు విన్ పడవలోంచి నవ్వాడు. "కుక్క తనంతట తాను ఇంటికి వస్తే సిరి వచ్చినట్టే అంటారు కదా నాన్నా!"

"తనంతట తాను రాలేదు. చొక్కాలో వచ్చింది."

పనస ఉండిపోయింది. అరిటాకుల్లో అన్నపు కట్టలు చుడుతుంటే తాడు లాక్కుని పారిపోయింది. వాకిట్లో రాలిన పసుపు పూరేకులు తిని తుమ్మింది. ఖీమ్ చెప్పు ఒకటి కొరికి, రెండోది దాచేసింది. "దాన్ని నా మంచం ఛాయలకి రానివ్వకండి" అని ఆయన రోజూ అరుస్తూనే ఉన్నాడు. రోజూ తెల్లవారేసరికి అది ఆయన మంచం కిందే పడుకుని ఉండేది. కింద పాత గోనె పరిచింది ఎవరని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పండగ వచ్చింది. ముందురోజు సాయంత్రమే దియెప్ ఇల్లంతా కడిగి చీపురు దాచేసింది. ఇక మూడు రోజులు ఊడవడం, తుడవడం కుదరదు. ఊడిస్తే ఇంటి అదృష్టం చెత్తతోపాటు పోతుంది. తొలి అడుగు పెట్టడానికి పక్కింటి లోక్‌ని ముందే పిలిచి ఉంచారు. నిండు కుటుంబం, నవ్వు ముఖం, పెద్ద బొజ్జ. అంతకన్నా మంచి కాలు ఆ కాలవగట్టున లేదు.

తెల్లవారుతుంటే పనస గదిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అది దేనికో ఖీమ్‌కి తెలుసు. ఇక్కడ పోసిందంటే మూడు రోజులు దాని పక్కనే పండగ చేసుకోవాలి. దాన్ని మెడ పట్టుకుని ఎత్తి, వెనక తలుపు తీసి, తాను గడప లోపలే నిలబడి బయటికి వదిలాడు. కప్ప ఒకటి గెంతింది. పనస దాని వెంటపడింది. పూలబుట్టలు పెట్టడానికి నీళ్లమీద వరసగా కట్టిన, ఇప్పుడు ఖాళీగా ఉన్న మంచెల మధ్య దబ్బుమని చప్పుడు వినిపించింది. తర్వాత సన్నగా ఏడుపు.

ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. ఖీమ్ గడప వంక చూశాడు. "దరిద్రపు కుక్క" అని గడప దాటాడు.

మంచెల కింద నడుములోతు బురదనీళ్లు. ఒక కర్రకి ముందుకాళ్లు ఆనించి వేలాడుతోంది పనస. దాన్ని పట్టి గుండెకి అదుముకుని వెనక్కి వచ్చాడు. వచ్చి తలుపు ముందు ఆగిపోయాడు.

చప్పుడుకి దియెప్ లేచి వచ్చింది. "అయ్యో మామయ్యా! ఏమిటీ తడి? లోపలికి రండి ముందు."

"రాను. తువ్వాలు ఇటు పడెయ్యి. లోక్ వచ్చాక వస్తాను."

"అంతసేపు చలిలోనా?"

"నా కాలు పడితే ఈసారి ఎవరు పోవాలి?"

విన్, హాన్ కూడా వచ్చేశారు. "నాన్నా, పండగ పూట ఆ మాటలేమిటి!"

"నేనన్నానా? నీ పెళ్లాం అంది."

దియెప్ గడప దాకా వచ్చింది. "మొదటి రోజు ఏడవకూడదు. నన్ను ఏడిపించకండి. అత్తయ్య దినాలనాడు మీ చెల్లెలు వంటింట్లో ఏమందో తెలుసా? 'అన్నయ్య కాలే వదినని మింగింది' అంది. చేతిలో గరిటె ఉంది. పెద్దావిడ, కొట్టలేకపోయాను. ఇంకోసారి ఈ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మీ పేరే చెప్తారు. అందుకే బయటికి వెళ్లొద్దన్నాను. అడ్డం పెట్టింది వాళ్ల నోళ్లకి, మీకు కాదు."

ఖీమ్ కుక్కని ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు.

"ఎలా చెప్పను? మీరు మాట్లాడితేగా!"

హాన్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వినగానే పనస ఆయన చేతుల్లోంచి జారి, దభీమని కింద పడి, లేచి, గడపెక్కి ఇంట్లోకి పరిగెత్తింది. కడిగిన నేలమీద బురద అడుగులు వరసగా పడ్డాయి. పూజాపీఠం దగ్గర, సేన్ ఫొటో కింద ఆగి ఒళ్లంతా దులిపింది. ఫొటో మీదా నాలుగు చుక్కలు పడ్డాయి.

 అప్పటికే వాకిట్లో లోక్ కొత్త చొక్కాతో, చంకలో పుచ్చకాయతో నిలబడి ఉన్నాడు.

"ఆలస్యమైందా ఏమిటి?"

"మీరు రెండోవారు మామా" అన్నాడు విన్.

లోక్ నేల వంక చూశాడు, కుక్క వంక చూశాడు. బొజ్జ ఊగేలా నవ్వాడు. "పండగ పొద్దున కుక్క గడప తొక్కిందా! ఇక నా కాలెందుకయ్యా, పుచ్చకాయ తింటా. తనంతట తానే వచ్చిందా?"

"నడిచే వచ్చింది" అన్నాడు ఖీమ్. "చొక్కాలో కాదు." ఆ అడుగుల పక్కనే అడుగేస్తూ లోపలికి వచ్చాడు.

దియెప్ అలవాటుగా గుడ్డ అందుకోబోయింది. "తుడవకు" అన్నాడు. "మూడు రోజులు తుడవకూడదని తెలీదా? నాలుగో రోజు కూడా తుడవకు."

ఆమె తల అటు తిప్పుకుంది. ఏడవలేదు. నవ్వుతూ ముక్కు చీదుకుంది.

పొద్దంతా ఇల్లు గోలగోలగా ఉంది. కొబ్బరినీళ్లలో ఉడికిన పంది మాంసం, గుడ్లు, ఉల్లికాడల ఊరగాయ. పండగ డబ్బులు పెట్టి హాన్‌కి ఇచ్చిన ఎర్ర కవరులాంటిదే ఇంకొకటి ఖీమ్ జేబులోంచి తీసి పనస మెడకి దారంతో కట్టాడు. అది సాయంత్రానికల్లా కవరు నమిలి మింగేసింది.

"రేపు మేనత్త వస్తుంది నాన్నా" అని విన్ నసిగాడు. "ఆవిడతో ఆ విషయం..."

"రానీ. ఆ బురద అడుగులు చూపించండి. నేను మాత్రం దాంతో మాట్లాడను." ఖీమ్ ఖాళీ గిన్నె కోడలి వైపు జరిపాడు. "దియెప్, ఇంకో గుడ్డు వెయ్యమ్మా. ఆ తొలి అడుగు సంగతి ఇక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను. అయిపోయింది."

బల్ల కింద పనస ఆయన కాలిమీద తల పెట్టుకుని పడుకుంది. ఆయన కాలు కదపలేదు.