రేకుల షెడ్డులో జాగా

తెల్లవారగానే సరోజన వాకిట్లో కళ్లాపి చల్లుతూ ఎదురింటి వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. తోడికోడలు భాగ్యమ్మ తడిగుడ్డతో కొత్త స్కూటర్ తుడుస్తోంది. ఎన్నేళ్ల కిందటో పేరు రాయించుకుంటే ఈ ఎండాకాలం చేతికొచ్చిన బండి అది. అద్దంలా మెరుస్తోంది. సరోజన చల్లిన నీళ్లు వాకిలి దాటి గోడ మీద పడ్డాయి.

వరంగల్ కొత్తవాడలోని ఆ సందులో అన్నీ మగ్గాల ఇళ్లే. సరోజన భర్త కట్టయ్య చీరలు నేస్తాడు. అతని తమ్ముడు లక్ష్మీనారాయణకు కరెంటు ఆఫీసులో నౌకరి దొరికింది. నిరుడు మగ్గం విప్పేశాడు. సందు చివర అందరికీ కలిపి ఒక రేకుల షెడ్డు ఉంది. నూలు మూటలు, కట్టెలు, సైకిళ్లు అన్నీ అందులోనే కలగలిసి పడి ఉంటాయి. రోజూ ఎవరో ఒకరికి తగాదా. ఇక ఇలా కాదని ఆ రోజు వాడకట్టు పెద్ద ఉప్పలయ్య అందరినీ పిలిచి, ముగ్గుపిండితో షెడ్డు మధ్యలో గీత గీశాడు.

"ఇటు పక్క నూలు, అటు పక్క బండ్లు. లక్ష్మీనారాయణ స్కూటర్ గా మూలకు పెట్టుకుంటడు. ఏమంటరు?"

"ఏమంటం మామా!" సరోజన ముందుకొచ్చింది. "నౌకరిగాళ్ల బండి నీడకుండాలె, మా నూలు వానకు నానాలె! షెడ్డు మగ్గాలున్నోళ్లది. బండ్లు సందుల పెట్టుకోవాలె."

"మరి సైకిళ్లో?"

"సైకిళ్లేం జాగ తింటయి? గోడకానిస్తే అయిపాయె."

అత్త లక్ష్మీనర్సమ్మ అరుగు మీద నుంచి నవ్వింది. "స్కూటర్ నీ కండ్లల్లైతే పట్టింది గని, షెడ్డులనే పడ్తలేదా కోడలా?"

అందరూ నవ్వారు. సరోజన ముఖం ఎర్రబడింది. అయినా మగ్గం లేని ఇల్లు అక్కడ ఒక్కటే. ఆమె మాటే నెగ్గింది.

"ఏడ పెట్టమంటే ఆడ పెడ్తం అక్కా," అంది భాగ్యమ్మ తలవంచుకుని. సరోజన వేలు పెట్టి చూపించింది. "గో, మీ గడప ముందట." ఆ పూట ఆమెకు అన్నం రుచిగా అనిపించింది.

ఆ తీర్పు అయ్యాక సందులో సాగబోయే మొదటి పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల వరస, కట్టయ్యదే. పడుగును గంజిలో ముంచి, తడి ఆరకముందే సందు పొడవునా సాగదీసి కుంచెలతో దువ్వాలి. ఆలస్యమైతే పోగులు అంటుకుపోతాయి. చీరలు పాడైపోయినట్టే. ఎప్పుడూ ఖాళీగా ఉండే సందే కదా అని సరోజన పొద్దున్నే గంజి కాచి పడుగు ముంచేసింది. ఉప్పలయ్యతో సహా వాడకట్టు వాళ్లు దాన్ని భుజాలకెత్తుకుని బయటికొచ్చారు. భాగ్యమ్మ గడప ముందు, సందుకు అడ్డంగా స్కూటర్ నిలబడి ఉంది.

"భాగ్యా!" సరోజన కేక వేసింది. "కావాల్నని పెట్టినవు! మా పడుగు ఖరాబు కావాల్నని!"

భాగ్యమ్మ పరుగున వచ్చింది. "నువ్వు ఏలు పెట్టి చూపెట్టిన జాగనే గదక్కా!"

"నా మరిదేడి? తాళం తియ్యమను."

"డ్యూటీ మీద రైల్ల కేసముద్రం పోయిండు. తాళంచెవి ఆయన జేబులనే పాయె."

"గంజి ఆరుతాంది," అన్నాడు కట్టయ్య సన్నగా.

భాగ్యమ్మ కొంగు నడుముకు చుట్టింది. హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రం ఎత్తి, బలమంతా పెట్టి బండిని గోడ వైపు ఈడ్చింది. గోడకు ఒరుసుకుని బండి పక్కంతా రంగు గీరుకుపోయింది. ఇన్నాళ్లూ ఆ రంగు పోవాలని కోరుకున్న సరోజన, ఆ చప్పుడుకు కళ్లు గట్టిగా మూసుకుంది.

భాగ్యమ్మ బండి వైపు చూడనైనా చూడలేదు. కుంచె అందుకుని పడుగు పక్కన నిలబడి, తెగిన పోగును చిటికెలో ముడేసింది.

"నీకెందుకు లేవే ఈ పని," అంది సరోజన. "నౌకరిగాని పెండ్లానివి."

భాగ్యమ్మ చేయి ఆగింది.

"నిరుటి సంది మీ పడుగు సాగినప్పుడల్లా వాడకట్టంత వచ్చి పట్టుకున్నరు. నన్నొక్కదాన్నే పిలువకపోతివి. కిటికీల నుంచి చూసుకుంట నిలబడేదాన్ని. బండిని చూస్తె నీకు కండ్లు మండినయ్. నీ చుట్టున్న మందిని చూస్తె నాకు మండినయ్ అక్కా. నౌకరొచ్చిందని నా చేతులు పడిపోయినయా?"

మరిచిపోయి పిలవలేదు అనుకుంటే సరోజనకు బాగుండేది. కానీ పడుగు రోజున ప్రతి గడపా ఎక్కి, ఆ ఒక్క గడప ముందు మాత్రం తల తిప్పుకుని నడిచిన సంగతి ఆమెకు తెలుసు. బండి లేనిది తనకు. భాగ్యమ్మకు మనుషుల్ని లేకుండా చేసింది తను.

"మామా," అంది ఉప్పలయ్య వైపు తిరిగి. "మా నూలు జర అటు జరుపుతం. బండి లోపల పెట్టియ్యిండ్రి."

ఆమె పడుగుకు అవతలి పక్కన, భాగ్యమ్మకు ఎదురుగా నిలబడింది. కుంచె పట్టుకుంది గానీ పోగులు కనబడలేదు. కళ్ల నిండా నీళ్లు.

"ఏడ్వకు అక్కా," అంది భాగ్యమ్మ, తానూ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "కన్నీళ్లు పడితే గంజి పల్చనైతది."

"అయితే కానియ్యే," అంది సరోజన. "నువ్వు దువ్వు. నీ దిక్కు చూసుకుంట నేనూ దువ్వుత."