పెరట్లో పసుపు పండిన ఏడాది

“మా పెరట్ల పసుపు పెట్టొద్దని చెప్పిన గద!”

పెరటి గుమ్మం మీద నిలబడే అరిచాడు ఇంటి ఓనరు మదన్‌మోహన్. బస్ డిపోలో మెకానిక్. వెనక పోర్షన్‌లో అద్దెకు దిగిన భాగీరథి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్. ఆమె జహీరాబాద్ వచ్చి నెలైనా కాలేదు.

“చెప్పిన్రు. ఎందుకో చెప్పలే,” అంటూ మొలకెత్తిన కొమ్మును మట్టిలో పెట్టి కప్పింది. “జర పక్కకు జరుగున్రి, వెలుతురు వస్తలేదు.”

అతను నవ్వలేదు. అది 1981 జూన్, మృగశిర వానలు మొదలైన వారం.

ఆకులు మోకాలెత్తు పెరిగాయి. ఆమె మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి మడిలో కలుపు ఉండేది కాదు. వాన లేని రోజుల్లోనూ మొదళ్లు తడిగా ఉండేవి. పెరటి తలుపు గొళ్ళెం మాత్రం తను వేసినట్టే ఉండేది.

భాగీరథికి నవ్వొచ్చింది. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గరే అతన్ని పట్టుకుంది.

“ఏంది మీ డబల్ యాక్షన్? ముంగట కోపం, ఎనక కలుపు తీసుడు!”

మదన్‌మోహన్ ముఖం పాలిపోయింది. “మూడేండ్ల సంది నేను ఆ పెరట్ల కాలు పెట్టలే.”

“మరెవరు?”

“మా అమ్మ తను పెట్టిన పసుపు మడిలనే పడి పానం ఇడిసింది. అంతకుముందు రెండుసార్లు పిలిచింది, బిందె అందియ్యమని. వస్తున్న అన్న... రేడియో ఇనుకుంట కూసున్న.”

గాలి లేదు. అయినా పసుపు ఆకులు ఒక్కొక్కటిగా పక్కకు ఒరిగాయి, మధ్యలోంచి ఎవరో నడిచి వస్తున్నట్టు. తడి మట్టిలో చిన్న పాదాల ముద్రలు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ వచ్చి, గుమ్మం ముందు ఆగాయి.

అతను వెనక్కి తిరిగాడు. భాగీరథి అతని చెయ్యి పట్టి ఆపింది.

“నాకు గూడ భయమైతుంది. పిలిచింది గద, ఇప్పుడన్న పోదాం పాండ్రి.”

దిగారు. బిందె నింపి, ఏడుస్తూనే మడికి నీళ్లు పోశాడు. మర్నాడూ పోశాడు. ఆ తర్వాత రోజూ.

“ఇంజన్‌కు ఆయిల్ పోసినట్టు పొయ్యకున్రి, మొదలు కుళ్లుతది!” అని ఆమె పక్కన నిలబడి ఆటపట్టించేది. ఇప్పుడు అతను నవ్వేవాడు.

ఫిబ్రవరిలో ఆకులు ఎండాక ఇద్దరూ తవ్వడానికి కూర్చున్నారు.

“అందరికీ లైన్ కలుపుతవు,” అన్నాడు తల వంచుకుని. “మీ నాయినకు నా లైన్ కలుపరాదు? పెండ్లికి ఈ పసుపే సరిపోతది.”

భాగీరథి కొంగు నడుముకు దోపుకుంది. చివరి మొక్క తల్లి దుంపను పట్టి లాగింది. రాలేదు. అతనూ పట్టాడు. మట్టి లోపలి నుంచి ఎవరో లాగుతున్నారు.

ఆమె మట్టి మీదికి వంగింది.

“అత్తమ్మా,” అంది మెల్లగా, “జర ఇడువు.”

దుంప ఊడి ఆమె ఒళ్లో పడింది.