పార్ట్ ఇంకా రాలేదు

"ఏమండీ మెకానిక్ గారూ, ఈసారైనా బాగుచేస్తారా, లేక దాని మంచీచెడూ కనుక్కుని వెళ్ళిపోతారా?"

తలుపు తీస్తూనే వేసిన చురక అది. మెడలో కొలత టేపు, భుజం మీద గుచ్చుకున్న గుండుసూదులు, ముక్కు మీద కోపం. ఆ టైలరమ్మాయిని చూస్తే మెకానిక్‌కి ఆ కోపమే అన్నిటికన్నా అందంగా కనిపించింది. వాడి ఖర్మ!

వాక్యూమ్ క్లీనర్ హాల్లో ఓ మూల కూర్చుంది. స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఇది చిటికెలో పని అనుకున్నాడు. గోడ ప్లగ్గులో కరెంటు ఉంది. వైరు ఎక్కడా తెగలేదు. క్లీనర్ ప్లగ్గు విప్పి చూస్తే, లోపల ఫ్యూజ్ ఉండాల్సిన చోటు ఖాళీ! కాలిపోయిన ఫ్యూజులు బోలెడు చూశాడు గానీ, మాయమైపోయిన ఫ్యూజ్‌ని చూడటం అదే మొదలు. తలెత్తేసరికి ఎదురుగా ఆమె నాన్న, పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

పెద్దాయన చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్ళాడు. వెంటిలేటర్‌లో గూడు. గూట్లో పిచ్చుక గుడ్లు పొదుగుతోంది.

"ఆ క్లీనర్ మోత మొదలైతే చాలు, బెదిరి ఎగిరిపోతోంది బాబూ. గుడ్లు చల్లబడిపోతే ఇంకేముంది? అందుకే నేనే పీకేశాను." కళ్ళజోడు పెట్టె తెరిచి ఫ్యూజ్ చూపించాడు.

"ఆ మాటే అమ్మాయిగారికి చెప్పొచ్చుగా అంకుల్?"

"అమ్మో! దానికి దుమ్మంటే పడదు. గూడూ గీడూ కనిపిస్తే పీకి పారేస్తానని ముందే చెప్పేసింది. నా గది నేనే ఊడ్చుకుంటానని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాను. పిల్లలు బయటికొచ్చేదాకా ఏదో ఒకటి చెప్పు నాయనా."

అలా పుట్టింది "పార్ట్ రావాలండీ" అన్న అబద్ధం. ఎవరి దగ్గర శభాష్ అనిపించుకోవాలని ఉందో, వాళ్ళ దగ్గరే దద్దమ్మ అనిపించుకోవలసి వచ్చింది పాపం.

"పార్ట్ ఇంకా రాలేదండీ," అన్నాడు ఈసారి కూడా, నేల చూపులు చూస్తూ.

"నడిచి వస్తోందా ఏంటి మీ పార్ట్?"

కత్తిరింపు బల్ల మీద ఎవరిదో తెల్లటి పెళ్ళిగౌను. కింద నేలంతా దారప్పోగులు, గుడ్డముక్కలు. చీపురు పట్టుకుందో లేదో, హాచ్! హాచ్! కళ్ళమ్మట నీళ్ళు కూడా కారాయి. అతనికి ప్రాణం ఉసూరుమంది. చీపురు లాగేసుకుని, తడిగుడ్డ అడిగి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తుడిచాడు. పెట్టెలోంచి అయస్కాంతం తీసి గుండుసూదులన్నీ ఏరాడు.

బయట వాన మొదలైంది. సన్నటి వాన, ఎవరికీ తొందరలేని వాన. కిటికీ వెలుతురు పడి ఆమె ముఖం సగం మెత్తబడింది. సూదులు ఇస్తుంటే వేళ్ళు తగిలాయి. ఇద్దరిలో ఎవరికీ చెయ్యి వెనక్కి తీసుకోవాలని తోచలేదు.

"మిషన్ తప్ప అన్నీ బానే చేస్తారే," అంది మెల్లగా. అంతలోనే తేరుకుంది. "కానీ నా పనులు ఆగిపోతున్నాయి. రేపటికి కాకపోతే వేరే మెకానిక్‌ని పిలుస్తాను. మీరిక రానక్కర్లేదు."

అతను ఒక్క మాట, నిజం చెప్పేస్తే చాలు. కానీ పక్కగది తలుపు సందులోంచి పెద్దాయన కళ్ళు బతిమాలుతున్నాయి.

"సరేనండీ. నాకు చేతకాలేదు," అని వానలోనే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫోన్ మోగింది. ఆమే!

"మీ పార్ట్ వచ్చింది."

"ఏ పార్టండీ?"

"ఒకటి కాదు, మూడు. నోళ్ళు తెరుచుకుని ఒకటే గోల. వచ్చి చూసుకోండి."

పనిముట్ల పెట్టె కూడా మర్చిపోయి పరుగెత్తాడు.

నాన్న గదిలో ఆమె స్టూలెక్కి నిలబడింది. పెద్దాయన దొంగలా మంచం మీద ఒదిగి కూర్చున్నాడు.

"పొద్దున్నే కిచకిచలు వినిపించాయి. పీకేద్దామనే ఎక్కాను," అంది వెనక్కి తిరగకుండా. "తీరా చూస్తే గూడంతా నా దారాలే. ఆ పసుపుది మొన్న నేను కత్తిరించి పారేసిందే. చెయ్యి దగ్గరికి పెట్టగానే నన్నే అమ్మ అనుకుని నోళ్ళు తెరిచాయి. ఎలా పీకను?"

కిందికి దిగి అతని ఎదురుగా నిలబడింది.

"నాన్న అంతా చెప్పారు. నిన్న ఒక్క మాట అంటే మీ పరువు దక్కేదిగా?"

"మాటిచ్చానండీ."

"మిమ్మల్ని నేను చేతకానివాడు అనుకున్నా ఫర్వాలేదా?"

"ఫర్వాలేదని ఎందుకంటాను? రాత్రంతా నిద్రపట్టలేదు. మీరంటే నాకిష్టం. మీరలా అనుకుంటే ఎలా ఉంటుంది చెప్పండి?"

అనేశాక గానీ ఏమన్నాడో తెలిసిరాలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టేపు చివర వేలికి చుట్టుకుంటూ, "నాకూ నిద్రపట్టలేదు," అంది. "పొమ్మన్నానే గానీ, మీరు రాకపోతే ఏం తోస్తుందా అని."

పెద్దాయన దగ్గి, కళ్ళజోడు పెట్టె తెరిచాడు. "ఇదిగో బాబూ ఫ్యూజ్. పెట్టెయ్."

ఆమె చటుక్కున అందుకుని గుప్పిట మూసేసింది. "ఇప్పుడే వద్దు నాన్నా. వాటికి రెక్కలు రానీ."

"మరి నేను?" అన్నాడు మెకానిక్, ఏం చెయ్యాలో తోచక.

"రోజూ వచ్చి చూస్తూ ఉండు బాబూ," అన్నాడు పెద్దాయన తీరిగ్గా కళ్ళజోడు తగిలించుకుంటూ. "ఈ ఇంట్లో రిపేరు ఇప్పట్లో అయ్యేది కాదు."