ఇంటిల్లిపాది రావాలె

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు మా అమ్మ చేతిలో పడాలి. ఫ్రిజ్, మిక్సీ, నా స్కూటీ, చివరికి గ్యాస్ పొయ్యికి మార్చిన పైపు కూడా ఆమె పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాకే పనిలో చేరాయి. అందుకే ఆ శ్రావణమాసం మధ్యాహ్నం నా పార్సిల్ విప్పుతున్నప్పుడు దానికీ బొట్టు తప్పదని నాకు తెలుసు. బొట్టుతోనే ఆగిపోయి ఉంటే బాగుండేది.

మాది కిషన్‌బాగ్. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ఉంది. నేనూ బాపూ దుకాణం చూసుకుంటాం, మా అమ్మ రుక్మిణమ్మ మమ్మల్ని చూసుకుంటుంది. ఆ వారంలోనే మా చెల్లెలు సుజన పెండ్లి. ముందు రోజే నలుగు పెట్టి పెండ్లిపిల్లను చేశారు. అది అయ్యాక పిల్ల ఇక గడప దాటకూడదని మాలో పట్టింపు. సుజన ఒంటినిండా పసుపుతో, అంతకంటే ఎక్కువ విసుగుతో ఇంట్లో తిరుగుతూ నన్ను సతాయించడమే పనిగా పెట్టుకుంది.

పార్సిల్‌లో వచ్చింది చేతిలో పట్టే కంప్యూటరు. విదేశం నుంచి తెప్పించుకున్నాను. మూస్తే కళ్లజోడు డబ్బా అంత ఉంటుంది. తెరిస్తే పైన తెర, కింద పెసరగింజలంత మీటలు. లోపల నడిచేది లినక్స్. ఫోన్‌లో ఉండే సుఖాలేవీ అందులో ఉండవు, అన్నీ మనమే ఒక్కొక్కటిగా కూర్చుకోవాలి. ఆ కూర్చుకోవడంలోనే నాకు సుఖం.

"ల్యాప్‌టాప్ ఉండంగ గిదెందుకన్నా?" అంది సుజన.

"మంటపంల టీవీకి తగిలిస్త. నీ చిన్నప్పటి ఫొటోలన్ని వరసగ వస్తయి."

"ముక్కు కారేటివి పెట్టకు."

అవే పెట్టాలని నా ఉద్దేశం.

అందులో ఉన్న భాష నాకు అక్షరం రాదు. ఫోన్‌తో చదివించుకుంటూ పాతదంతా తుడిచేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. భాషల్లో తెలుగు కూడా కనబడేసరికి ముచ్చటపడి అదే ఎంచుకున్నాను. ఆ తెలుగు ఏ తెలుగువాడి నోటా నేను వినలేదు. చిన్న స్పీకరు తగిలిస్తే 'టింగ్' అని మోగి, తెర మీద 'నూతన సాధనము అనుసంధానించబడినది' అని పడింది. మెమరీ కార్డు పెట్టాను. టింగ్. నూతన సాధనము అనుసంధానించబడినది. మౌస్ తగిలించాను. మళ్లీ అదే.

"పంతులును లోపల కూసోవెట్టిన్రా ఏంది?" అని సుజన పడీపడీ నవ్వింది.

దానికి కవరు ఒక్కటే దొరకలేదు. కొలతలు పట్టుకుని చార్మినార్ పక్క గల్లీలో సెల్ సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఆఖరి దుకాణంలో "ఇస్‌కా కవర్ నై మిల్తా భాయ్, చష్మే కా డబ్బా లేలో" అని, కవరు బదులు కళ్లజోడు డబ్బా కొనుక్కోమని చేతులు దులుపుకున్నారు. నా మొహం చూసి సుజనకే జాలేసింది. తన పెండ్లి జాకెట్ కుట్టగా మిగిలిన ఎర్ర జరీ ముక్క తీసి, చుట్టూ కుట్టేసి, తాడు వేసిన సంచీ చేసి ఇచ్చింది.

అప్పుడే అమ్మ బయటి నుంచి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణ. వారం నుంచి ఆమెది ఒకటే పని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పెండ్లికి పిలవడం. పత్రిక ఎంత ఖరీదుదైనా బొట్టు పెట్టి పిలవకపోతే మావాళ్లు రారు. వచ్చినా ఆ మాట పదేళ్లు మోస్తారు.

"ఏందిరా గిది? గింతంత ఉన్నది," అంటూ యంత్రాన్ని చేతిలోకి తీసుకుంది. భరిణ ఎటూ తెరిచే ఉంది. మూత మీద ఇంత కుంకుమ అద్దింది. అద్దుతూ, వారం రోజుల అలవాటు కొద్దీ నోరు దానంతటదే ఆడింది.

"పెండ్లికి ఇంటిల్లిపాది రావాలె. మర్శిపోవద్దు."

సుజన నవ్వలేక కింద కూర్చుండిపోయింది. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోనీ తియ్. నేను బొట్టు వెట్టిన, సుజన బట్ట వెట్టింది. ఇగ రాకుంటే నేనూకోను," అని యంత్రానికే చెప్పి, మిగిలిన ఇండ్లు పూర్తి చేయడానికి వెనక గల్లీలో ఉండే మా చుట్టాలు వరమ్మ వాళ్ల వైపు వెళ్లింది. బాపు దుకాణంలో ఉన్నాడు. ఇంట్లో నేను, సుజన మిగిలాం.

దీపాలు పెట్టే వేళకు మొగులు కమ్మి వాన పట్టుకుంది. కాసేపటికే కరెంటు పోయింది. మా ఇంటికి మూడు వైపులా పక్కిండ్ల గోడలే, వెలుతురు వచ్చేది వాకిలి నుంచి. ఆ కాస్త వెలుతురూ ముసురులో మాసిపోయింది. తడిసిన సున్నం వాసన, సుజన ఒంటి పసుపు వాసన, గల్లీలో పొంగుతున్న మోరీ వాసన ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చాయి. నేను నడింట్లో చాప మీద కూర్చుని ఫొటోలు ఎక్కిస్తున్నాను. సుజన లోపలి గదిలో కొవ్వొత్తి వెతుకుతోంది.

టింగ్.

తెర చూశాను. నూతన సాధనము అనుసంధానించబడినది.

నేనేమీ తగిలించలేదు. స్పీకరు తీగ వదులైందేమో అనుకున్నాను. కొత్త సామాను, కొత్త తిక్కలు. తీగ నొక్కి పెట్టాను.

టింగ్. టింగ్.

మౌస్ పీకేశాను. మెమరీ కార్డు తీశాను. చివరికి స్పీకరు కూడా పీకి చేతిలో పట్టుకున్నాను. ఆ యంత్రానికి సొంత గొంతు లేదు, మోగాలంటే ఆ స్పీకరే దిక్కు.

నా గుప్పిట్లో, తీగ వేలాడుతుండగా, అది మళ్లీ మోగింది.

"అన్నా," అని సుజన లోపలి నుంచి పిలిచింది. "అమ్మొచ్చిందా? చెప్పుల చప్పుడైంది."

లేచి వాకిట్లోకి వెళ్లాను. వాన చప్పుడు తప్ప గల్లీలో మనిషి లేడు. గడప ముందు చెప్పులు ఉన్నాయి. మావి కావు. పాత తోలు చెప్పులు, ఆడవాళ్ల చెప్పులు, ఒక మూల పసిపిల్లవి. అన్నీ తడిసి ఉన్నాయి. చుట్టాలింటికి వచ్చినవాళ్లు విడిచినట్టే, ముక్కులు లోపలి వైపు తిరిగి వరసగా ఉన్నాయి. చూస్తుండగానే ఆ వరస పక్కన నేల మీద ఇంకో తడి మరక తేలింది. దాని మీద ఇంకో జత.

వెనక టింగ్ మంది.

గోడ పట్టుకుని లోపలికి వచ్చాను. ముందు ముక్కుకు తగిలింది వాసన. చామంతి పూలు బుట్టలో కుళ్లితే వచ్చే వాసన. తర్వాత చప్పుడు. చీరల గరగర... చాప మీద మనుషులు సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు... గాజులు.

గాజుల చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కళ్లు మూసుకుని అది మట్టి గాజో, లక్క గాజో చెప్పగలను. ఇవి మట్టి గాజులే. కానీ మోగడం లేదు. బీట పడిన గాజుకు మోత ఉండదు, టక్కుమని ఊరుకుంటుంది. నడింటి నిండా అదే చప్పుడు. ఒక్క చేతికీ నిండు గాజు లేదు.

చాప ఖాళీగా ఉంది. దాని మధ్య తెర వెలుగుతోంది. పంతులు తెలుగు అందులో లేదు.

*వచ్చినం.*

మావాళ్ల మాట. మా ఇంట్లో, మా గల్లీలో అనే మాట. దేశం కాని దేశం నుంచి వచ్చిన డబ్బాకు అది ఎవరు నేర్పారు? వెనక మూత ఊడదీసి బ్యాటరీలు రెండూ లాగేశాను. తెర ఆరలేదు.

*పెండ్లిపిల్ల ఏది?*

అమ్మకు ఫోన్ చేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆమె మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గొంతు తగ్గించి అంది.

"బొట్టు వెట్టి పిలిచినోళ్లను వట్టిగ పొమ్మనొద్దు బిడ్డా. మల్ల బొట్టు వెట్టి, పోయిరాండ్రి అనాలె. గప్పుడే పోతరు."

"భరిణ నీ దగ్గరున్నది గదమ్మా. ఇంట్ల కుంకుమంత దాంట్లనే పోసుకపోయినవు."

వరమ్మ వాళ్ల గల్లీలో నీళ్లు నడుము దాకా వచ్చాయని ఫోన్‌లో అమ్మ వెనక నుంచి ఎవరో అంటున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, యంత్రం మూత మీద అమ్మ పెట్టిన కుంకుమ ఉంది. చాప మీదికి వంగాను. నా రెండు భుజాలకూ చల్లటి గుడ్డ ఏదో రాసుకుంది. యంత్రాన్ని చేతిలోకి తీసుకుని వేలితో మూత తడిమాను. గీరాను. కుంకుమ లేదు. తుడిచిన జాడ కూడా లేదు.

"పోయిరాండ్రి," అన్నాను. బొట్టు లేకపోయినా మాటైనా పనిచేస్తుందేమోనని. నా గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది. "పోయిరాండ్రి... పోయిరాండ్రి..."

అంటుంటేనే తెలిసింది, నేనేమంటున్నానో. పోయి, రండి. మన మర్యాదలో రావద్దనే మాటే లేదు. పంపించేటప్పుడు కూడా మళ్లీ రమ్మనే అంటాం. ఇంకో మాట కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

గాజులన్నీ ఒక్కసారి కదిలాయి. లేస్తున్నారు. వాకిలి వైపు కాదు. లోపలి గది వైపు.

నేను పరుగెత్తాలి. ఆ నాలుగు అడుగులు వేయలేకపోయాను. ఎటు జరిగినా ఎవరో ఒకరు తగులుతున్నారు. తోయడం లేదు, జరగడం లేదు. పెండ్లి ఇంట్లో జనం ఉన్నట్టే ఉన్నారు.

లోపలి గదిలో కొవ్వొత్తి వెలిగింది. సుజన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. భయపడుతున్నట్టు లేదు. ఎదురుగా ఉన్నవాళ్లు చెప్పేది వింటున్నట్టు తల కొంచెం పక్కకు వాల్చింది. నాకేమీ వినబడలేదు. నా చేతిలో తెర మీద మాత్రం అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

*మా ఇంట్ల గూడ పెండ్లున్నది. ఇంటిల్లిపాది రావాలె.*

"సుజనా, మాట్లాడకు," అన్నాను. అరిచాననే అనుకున్నాను. నోటి నుంచి గాలి తప్ప రాలేదు.

పిలిచినవాళ్లకు రాననడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే జవాబు చెప్తాం. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన నిలబడి విన్నదే సుజన కూడా అంది.

"వస్తం."

కొవ్వొత్తి ఆరలేదు. తెర ఆరింది. చామంతి వాసన పోయి పసుపు వాసన మిగిలింది. గడప ముందు నేల తడిగా ఉంది, అంతే.

అమ్మ ఎలా ఈదుకుంటూ వచ్చిందో, తడిసిన చీరతో లోపలికి వచ్చి సుజనను గట్టిగా పట్టుకుంది. తర్వాత కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి చూసింది. సుజన తను పెట్టుకున్న బొట్టు మీద ఇంకో బొట్టు ఉంది. తడి కుంకుమ.

"ఎవరు వెట్టిన్రే?"

"ఎవరో ముసలామె," అంది సుజన. "మంచిగనే మాట్లాడింది."

కడిగితే పోయింది. ఆ మర్నాడే యంత్రాన్ని పురానాపూల్ మీద నుంచి మూసీలో పడేశాను. జరీ సంచీ కూడా వేద్దామని ఇల్లంతా వెతికాం. దొరకలేదు. పెండ్లి బాగానే జరిగింది. సుజన వనపర్తిలో అత్తగారింటికి వెళ్లింది. ఆ సాయంత్రం సంగతి మేం మళ్లీ ఎత్తలేదు. నాకు మాత్రం ఒక్కటే ఆలోచన. వాళ్లు పెండ్లికి పిలిచారు, ఎప్పుడో చెప్పలేదు.

ఇవాళ దుకాణంలో గిరాకీ బాగా ఉంది. సుజన ఫోన్ చేసింది.

"అన్నా, ఊకెనే చేసిన. తయారైతున్న."

"ఏడికి?"

"పెండ్లికి. ఇంట్ల అందరు పోయిన్రు, నేనే మిగిలిన. నా చెప్పులు తడిసిపోయి ఉన్నయన్నా, వాన గూడ లేదు. ఎవరో బయటి దిక్కు తిప్పి పెట్టిన్రు."

నా చుట్టూ దుకాణం నిండా గాజులు గలగలమంటున్నాయి. ఆ మోతలో నుంచి, ఫోన్‌లో ఆమె వెనకాల, మోత లేని గాజుల చప్పుడు వినిపించింది. బయటికి పరుగెత్తినా వనపర్తి ఎంత దూరమో నాకు తెలుసు.

"ఎవరి పెండ్లే?" అని అడిగాను.

"పేరు యాదికొస్తలేదన్నా," అంది. "బొట్టు వెట్టి పిలిచిన్రు గదా."